స్టాల్ హెచ్చరిక ఎప్పుడు మోగాలి, ఎప్పుడు ఊరుకోవాలి

2009 జూన్ 1న రియో డి జనీరో నుంచి పారిస్‌కు వెళ్తున్న ఎయిర్ ఫ్రాన్స్ 447 విమానం కాక్‌పిట్‌లో, రెక్కలు విమానాన్ని మోయలేని స్థితి వస్తోందని చెప్పే స్టాల్ హెచ్చరిక 54 సెకన్ల పాటు ఆగకుండా మోగి, ఆపైన ఆగిపోయింది. అది ఆగేనాటికి ప్రమాదం తప్పిపోలేదు సరికదా, మరింత ముదిరింది. విమానపు వేగం కొలవడానికి అందనంతగా పడిపోయినట్టు సెన్సర్లు చూపడంతో, కంప్యూటర్లు మిగతా కొలతలను కూడా నమ్మదగనివిగా లెక్కగట్టి హెచ్చరికను వాటంతట అవే నిలిపివేశాయి. ఆ తర్వాత మూడు నిమిషాలు నిండకముందే ఆ విమానం 228 మందితో అట్లాంటిక్ మహాసముద్రంలో పడిపోయింది. ఆ రాత్రి పైలట్లు చేసిన పొరపాట్ల గురించి ప్రపంచమంతటా చాలామంది రాశారు. కాకినాడలో ఇంజనీరింగ్ విద్యార్థులకు కొలత పరికరాల పాఠం చెప్పుకునే నన్ను ఇన్నేళ్లుగా వెంటాడుతున్నది మాత్రం ఆ యంత్రం ఊరుకుండిపోయిన తీరు. ఒక హెచ్చరికను ఏ పరిస్థితిలో మోగించాలన్నదాని మీద ఎంత ఆలోచన పెడతామో, ఏ పరిస్థితిలో ఆపాలన్నదాని మీద కూడా అంత ఆలోచన పెట్టాలని, ముఖ్యంగా ప్రమాదమే స్వయంగా సృష్టించే పరిస్థితిని హెచ్చరిక ఆపడానికి కారణంగా ఎన్నడూ తీసుకోకూడదని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఈ వ్యాసం అందుకోసమే.

స్టాల్ అంటే ఇంజన్ ఆగిపోవడం అనుకునేవారు మనలో చాలామంది ఉన్నారు. ఇంజన్‌కూ దీనికీ సంబంధం లేదు. రెక్కకూ ఎదురుగా వచ్చే గాలికీ మధ్య ఉండే కోణం ఒక హద్దు దాటినప్పుడు, రెక్క పైభాగాన్ని అంటిపెట్టుకుని సాగవలసిన గాలి విడిపోయి సుడులు తిరుగుతుంది, విమానాన్ని మోసే బలం పడిపోతుంది. అప్పుడు ఇంజన్లు పూర్తి శక్తితో నడుస్తున్నా, ముక్కు ఆకాశం వైపే చూస్తున్నా విమానం కిందకు జారుతూనే ఉంటుంది. ముక్కును కిందకు దించి ఆ కోణాన్ని తగ్గించడం ఒక్కటే బయటపడే దారి. ఇంజనీర్లు యాంగిల్ ఆఫ్ అటాక్ అని పిలిచే ఈ కోణాన్ని నేను ఇక్కడ గాలి కోణం అంటాను. దాన్ని కొలవడానికి విమానపు ముక్కు పక్కన వేన్ అనే చిన్న రేకు ఉంటుంది. గాలి ఏ దిక్కు నుంచి వస్తే ఆ దిక్కుకు అది తిరుగుతుంది. నేల మీద నిలిచి ఉన్న విమానానికి ఎదురుగాలి ఉండదు కాబట్టి ఆ రేకు ఎటు పడితే అటు వాలి ఉంటుంది, అప్పుడు అది చూపే కోణానికి విలువ లేదు. ఆ కారణం చేతనే, వేగం 60 నాట్ల కంటే, అంటే గంటకు సుమారు 110 కిలోమీటర్ల కంటే తక్కువగా కనిపిస్తే, ఎయిర్ ఫ్రాన్స్ 447 రకమైన ఎయిర్‌బస్ ఏ330లోని కంప్యూటర్లు గాలి కోణాన్ని లెక్కలోకి తీసుకోవు. నేల మీద ఇది నూటికి నూరు పాళ్లు సబబైన నియమం. అది లేకపోతే విమానం రన్‌వే వైపు నెమ్మదిగా సాగుతున్నంతసేపూ హెచ్చరిక మోగుతూనే ఉండేది, పైలట్లు ఆ మోతకు అలవాటుపడి దాన్ని లెక్కచేయడం మానేసేవారు.

ఇబ్బందల్లా ఆ నియమాన్ని గాలిలో కూడా అలాగే ఉంచడంలో ఉంది. ఆ రాత్రి మొదట, ఎదురుగాలి ఒత్తిడిని బట్టి వేగం కొలిచే పిటాట్ గొట్టాల్లో మంచు చేరి వేగం కొలతలు చెడిపోయాయి, ఆటోపైలట్ తప్పుకుంది. విమానం నడుపుతున్న కోపైలట్ ముక్కును పైకి లేపాడు. విమానం సుమారు 38 వేల అడుగుల వరకు ఎక్కి, అక్కడి నుంచి కూలబడటం మొదలుపెట్టింది. మంచు కరిగిపోయాక కూడా పిటాట్ గొట్టాలు సరైన వేగం చెప్పలేకపోవడానికి ఒక కారణం ఉంది. వాటి మూతులు ముందుకు చూస్తుంటాయి. గాలి కోణం 40 డిగ్రీలు దాటినప్పుడు గాలి ముందు నుంచి కాక కింది నుంచి వచ్చి తగులుతుంది, గొట్టంలోకి సరిగా దూరదు. అందువల్ల కొలిచిన వేగం అసలు వేగం కంటే బాగా తక్కువగా కనిపిస్తుంది. ఫ్రెంచి దర్యాప్తు సంస్థ బీఈఏ నివేదిక ప్రకారం సముద్రాన్ని తాకే సమయానికి విమానం నిమిషానికి 10,912 అడుగుల చొప్పున కిందకు పడుతోంది, నేలకు సమాంతరంగా 107 నాట్ల వేగంతో కదులుతోంది. ఈ రెంటినీ కలిపి లెక్కవేస్తే, అసలు వేగం 150 నాట్ల దరిదాపుల్లో తేలుతుంది. అంటే వేన్ రేకులను తిప్పడానికి కావలసినంత గాలి ఉంది, అవి తమ పని తాము చేస్తూనే ఉన్నాయి. గాలి చాలడం లేదన్న సాకుతో వాటి మాటను పక్కనబెట్టడం జరిగింది. ఆ సాకును పుట్టించింది కూడా స్టాల్ తీవ్రతే.

మా డెల్టా వాసులకు దీన్ని గోదావరి భాషలో చెబితే సులువుగా తలకెక్కుతుంది. ధవళేశ్వరం వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది జారీ చేస్తారు. నీరు తగ్గుముఖం పట్టి ఆ మట్టం దిగువకు వచ్చాక, హెచ్చరికను ఉపసంహరించినట్టు అధికారులు మళ్లీ ప్రకటిస్తారు. ఆ ప్రకటన వినేవరకు లంక గ్రామాల వాళ్లు సామాన్లు తిరిగి దింపుకోరు. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చి ఏటిగట్లు తెగినప్పుడు ఏదైనా ఒక గేజీ నీట మునిగి రీడింగు అందకుండా పోయిందనుకుందాం. రీడింగు లేదు కాబట్టి వరద లేదని ఎవరైనా హెచ్చరికను ఆపి ఉంటే, ఆ మనిషిని ఈ నేల క్షమించేది కాదు. గేజీ మునిగిపోవడమే వరద ఎంత పెద్దదో చెప్పే సాక్ష్యం. ఏ330 కంప్యూటరు రూపకల్పనలో ఈ చిన్న తర్కం చోటు చేసుకోలేదు.

పర్యవసానం ఊహించిన దానికంటే ఘోరంగా పరిణమించింది. కోపైలట్ విమానపు ముక్కును లేపే, దించే కర్రను వెనక్కి లాగి ఉంచినప్పుడు కొలిచిన వేగం 60 నాట్ల దిగువకు పోయి హెచ్చరిక ఆగింది. ముక్కును కాస్త దించినప్పుడు వేగం కొలతలు మళ్లీ చెల్లుబాటై హెచ్చరిక తిరిగి మోగింది. సరైన పని చేస్తే యంత్రం అరిచింది, తప్పు పని చేస్తే శాంతించింది. చీకట్లో, గందరగోళంలో, వేటినీ నమ్మలేని స్థితిలో ఉన్న మనిషికి దీనికంటే చెడ్డ గురువు ఉండదు. ఇంకొక సంగతి నన్ను మరీ బాధిస్తుంది. విశ్రాంతికి వెళ్లిన కెప్టెన్ కాక్‌పిట్‌లోకి తిరిగి వచ్చిన కొద్ది క్షణాలకే హెచ్చరిక ఆగిపోయింది. ఆ గదిలో అందరికంటే అనుభవం ఉన్న మనిషి పరిస్థితిని అంచనా వేయడానికి నిలబడిన ఆ సమయంలోనే, పరిస్థితి ఏమిటో చెప్పగల ఒకే ఒక్క గొంతు మూగబోయింది.

ఈ పాఠం చెబుతున్నప్పుడు ఒక విద్యార్థి లేచి, "మాస్టారూ, 54 సెకన్లు మోగినప్పుడు పట్టించుకోనివాళ్లు ఇంకో రెండు నిమిషాలు మోగితే మాత్రం పట్టించుకునేవారాండీ?" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్న. 2014 డిసెంబరు 28న జావా సముద్రంలో కూలి 162 మందిని పొట్టనబెట్టుకున్న ఎయిర్ ఏషియా 8501 విమానంలో స్టాల్ హెచ్చరిక మోగుతున్నా విమానం కోలుకోలేదు. మన దేశంలోనే, 2000 జులై 17న పాట్నాలో దిగబోతూ ఇళ్ల మీద కూలిన అలయన్స్ ఎయిర్ బోయింగ్ 737లో కర్రను కుదిపే స్టిక్ షేకర్ పనిచేసింది. పైలట్లు స్టాల్ నుంచి బయటపడే పద్ధతిని పాటించకుండా మళ్లీ పైకి లేచి చుట్టి రావడానికి ప్రయత్నించారని దర్యాప్తులో తేలింది. విమానంలో 55 మంది, నేల మీద ఐదుగురు చనిపోయారు. కాబట్టి హెచ్చరిక మోగినంత మాత్రాన ప్రాణాలు దక్కుతాయని నేను అనను. పైలట్లకు సిమ్యులేటర్లో నిజమైన స్టాల్ రుచి చూపించే శిక్షణ ఎంతో అవసరం. అయితే మనిషి వినకపోవచ్చన్న అనుమానం యంత్రం అబద్ధం చెప్పడానికి అనుమతి కాజాలదు. వినని పైలట్ మీద శిక్షణ పనిచేస్తుంది. వినడానికి సిద్ధంగా ఉన్న పైలట్‌కు ఏమీ వినిపించకపోతే ఏ శిక్షణా పనికిరాదు.

గమనించదగ్గ విషయం ఏమిటంటే, నేడు అమల్లో ఉన్న నిబంధనల్లో ఈ తర్కం ఉండనే ఉంది. పెద్ద విమానాలకు వర్తించే అమెరికా నిబంధన 25.207 ప్రకారం, వేగం నెమ్మదిగా తగ్గుతున్నప్పుడు స్టాల్‌కు కనీసం 5 నాట్లు లేదా 5 శాతం, రెంటిలో ఏది ఎక్కువైతే అంత ముందుగా హెచ్చరిక మొదలు కావాలి. మొదలైన హెచ్చరిక, గాలి కోణం తిరిగి అది మొదలైన కోణం దరిదాపులకు తగ్గేవరకు కొనసాగాలి. ఈ రెండవ వాక్యాన్ని నేను ఎన్నిసార్లు చదివినా నాకు గోదావరి హెచ్చరిక ఉపసంహరణే గుర్తుకొస్తుంది. ఆపడానికి కోణం తగ్గిందన్న రుజువు కావాలి, కోణం తెలియకపోవడం రుజువు కిందకు రాదు. బీఈఏ కూడా 2012 జులైలో వెలువరించిన తుది నివేదికలో, వేగం కొలతలు అతి తక్కువగా ఉన్నప్పుడు స్టాల్ హెచ్చరిక పనిచేసే తీరును మళ్లీ పరిశీలించాలని సిఫారసు చేసింది, గాలి కోణాన్ని పైలట్లకు నేరుగా చూపే మీటరు పెట్టే విషయం తేల్చాలని కూడా కోరింది. ఆ మీటరు ప్రతి ప్రయాణికుల విమానంలోనూ ఉండి తీరాలన్నది నా అభిప్రాయం. స్టాల్‌ను నిర్ణయించే ఏకైక రాశిని కంప్యూటర్లకు మాత్రమే చూపి పైలట్లకు చూపకపోవడాన్ని నా వృత్తిలో ఎవరూ సమర్థించలేరు.

అయితే ఇక్కడితో ఆగితే సగం నిజమే చెప్పినవాడినవుతాను. అకారణంగా మోగే హెచ్చరిక కూడా మనుషులను చంపుతుంది. 1992 జులై 30న న్యూయార్క్‌లో టీడబ్ల్యూఏ 843 విమానం నేలను వదిలిన మరుక్షణమే తప్పుడు స్టాల్ హెచ్చరిక మొదలైంది. కోపైలట్ విమానం స్టాల్ అవుతోందనుకుని దాన్ని కెప్టెన్‌కు అప్పగించాడు, కెప్టెన్ తిరిగి రన్‌వే మీదకు దించేశాడు. గట్టిగా తాకిన దెబ్బకు రెక్క దెబ్బతిని విమానం మంటల్లో చిక్కుకుంది. లోపల ఉన్న 292 మంది ప్రాణాలతో బయటపడటం ఆ సిబ్బంది చలవ. ఇంతటికీ మూలం చెడిపోయిన ఒక్క గాలి కోణపు సెన్సర్. హెచ్చరికను చక్రాల మీది బరువుతో ముడిపెట్టి గాలిలోకి లేవగానే మేల్కొలపడం సరైన పద్ధతే, కానీ చెడిన సెన్సర్ ఉంటే సరిగ్గా అత్యంత సున్నితమైన క్షణంలో అది అరుస్తుందన్న సంగతి కూడా రూపకర్త గుర్తుంచుకోవాలి.

2018 అక్టోబరు 29న ఇండోనేషియాలో కూలిన బోయింగ్ 737 మ్యాక్స్ విమానం లయన్ ఎయిర్ 610 కథ మనకు ఇంకా దగ్గరిది. ఎడమ పక్క సెన్సర్ 21 డిగ్రీల తేడాతో తప్పు చూపుతుండగా, ఎడమ వైపు స్టిక్ షేకర్ విమానం లేచినప్పటి నుంచి కుదుపుతూనే ఉంది. ఆ ఒక్క సెన్సర్ మాట నమ్మి ఎంక్యాస్ అనే వ్యవస్థ విమానపు ముక్కును పదేపదే కిందకు నెట్టింది. 189 మంది చనిపోయారు. ముందు రోజు రాత్రి అదే విమానాన్ని బాలి నుంచి జకార్తాకు నడిపిన సిబ్బంది ఆ కుదుపును ప్రయాణమంతా భరించి క్షేమంగా దించారు. చేతిలో కర్ర వణుకుతుండగా రేడియోలో మాట్లాడుతూ, చెక్‌లిస్టు చదువుతూ, ఎత్తును కాపాడుకుంటూ పనిచేయడమంటే ఏమిటో ఆలోచించండి. అది తప్పుడు హెచ్చరికని తేలిన తర్వాత కూడా దాన్ని ఆపే వీలు పైలట్‌కు ఇవ్వకపోవడం క్రూరత్వమే.

అందువల్ల ఆపే అధికారం పైలట్‌కు ఉండాలి, అయితే అది అలవాటు కొద్దీ నొక్కే మీట కాకూడదు. 1972 జూన్ 18న లండన్ సమీపంలోని స్టెయిన్స్ వద్ద బ్రిటిష్ ట్రైడెంట్ విమానం రెక్కల ముందంచు భాగాలను వేగం చాలకుండానే ముడిచేయడంతో స్టాల్‌లోకి జారింది. కర్రను ముందుకు నెట్టే స్టిక్ పుషర్ సరిగానే పనిచేసింది. సిబ్బంది ఆ వ్యవస్థనే ఆపేశారు. 118 మందిలో ఒక్కరూ మిగలలేదు. ఆ రకం విమానాల్లో అంతకుముందు ఆ వ్యవస్థ అకారణంగా పనిచేసిన సందర్భాలు ఉండటం వల్ల పైలట్లలో దానిపై నమ్మకం సన్నగిల్లి ఉంది. తప్పుడు హెచ్చరికలు చేసే నష్టం అవి మోగిన రోజుతో తీరిపోదని, నిజమైన హెచ్చరిక వచ్చిన రోజున కూడా బాకీ వసూలు చేసుకుంటుందని ఈ ఘటన చూస్తే అర్థమవుతుంది.

2010లో తిరగరాసిన అమెరికా నిబంధన 25.1322 ఈ రెండు వైపులనూ చక్కగా పట్టుకుంది. హెచ్చరిక వ్యవస్థే చెడిపోయి సిబ్బందికి అడ్డం వస్తున్నప్పుడు దాన్ని ఆపే మార్గం ఉండాలి. ఆ మార్గం పొరపాటున గానీ అలవాటు చొప్పున గానీ చేయి పడేంత సులువుగా ఉండకూడదు. ఆపినట్టు స్పష్టంగా, సందేహానికి తావులేకుండా కాక్‌పిట్‌లో కనిపించాలి. ప్రమాదాల తర్వాత నిలిపివేసిన 737 మ్యాక్స్ తిరిగి ఎగరడానికి అనుమతి ఇచ్చినప్పుడు కెనడా, యూరప్ అధికారులు, తప్పుగా కుదుపుతున్న స్టిక్ షేకర్‌ను సర్క్యూట్ బ్రేకర్ లాగి ఆపడానికి ఒప్పుకున్నారు, అమెరికా ఒప్పుకోలేదు. చివరకు 2022 డిసెంబరులో అమెరికా కాంగ్రెస్ మ్యాక్స్ 7, మ్యాక్స్ 10 రకాలకు కాక్‌పిట్ హెచ్చరికల కొత్త నిబంధన నుంచి మినహాయింపు ఇస్తూ, స్టాల్ హెచ్చరికను, అతివేగ హెచ్చరికను ఆపే సాధనం ఉండాలని, ఉన్న రెండు సెన్సర్లకు తోడుగా లెక్కల ద్వారా గాలి కోణాన్ని సరిచూసే ఏర్పాటు కూడా ఉండాలని చట్టంలో రాసింది. బ్రేకర్ లాగడం నాకు అంతగా నచ్చని పద్ధతి, వెతుక్కోవలసిన చోట ఉన్న మీట కాబట్టి. కానీ ఏ పద్ధతీ లేకపోవడం కంటే అది మేలు.

సెన్సర్ల మధ్య ఓటింగు పెడితే సమస్య తీరుతుందనే వాదన కూడా ఉంది. 2008 నవంబరులో పెర్పిన్యా వద్ద కూలిన ఎక్స్ఎల్ ఎయిర్‌వేస్ ఏ320లో మూడు సెన్సర్లలో రెండు నీరు గడ్డకట్టి ఒకే తప్పు కోణం దగ్గర బిగుసుకుపోగా, కంప్యూటర్లు ఆ రెంటినే నమ్మి సరిగా ఉన్న మూడవదాన్ని కాదన్నాయి. ఏడుగురు చనిపోయారు. ఎక్కువ మంది చెప్పిందే నిజమన్న సూత్రాన్ని హెచ్చరికను నిర్ధారించడానికి వాడుకోవచ్చు, దాన్ని నోరు మూయించడానికి మాత్రం వాడకూడదు. సెన్సర్లు విభేదిస్తున్నప్పుడు వ్యవస్థ ఒక పక్షం తీసుకోకుండా, విభేదం ఉందని చెప్పాలి.

ఇదంతా ఎక్కడో దూరదేశాల సంగతి అనుకోవడానికి వీల్లేదు. రాజమండ్రి విమానాశ్రయం ఉన్న మధురపూడి నుంచి హైదరాబాదుకు వెళ్లే చిన్న విమానం ఏటీఆర్ 72 ఎక్కినప్పుడల్లా రెక్కల అంచున ఉండే నల్లటి రబ్బరు పట్టీలు మీరు చూసే ఉంటారు. మంచు పేరుకుంటే గాలి నింపి పగలగొట్టేందుకు అవి ఉన్నాయి. మన ఉక్కబోత దేశంలో మంచేమిటని నవ్వుకోవద్దు. ఉష్ణమండలంలో కూడా సుమారు ఐదు కిలోమీటర్ల ఎత్తు దాటితే గాలి సున్నా డిగ్రీల దిగువకు వస్తుంది, రుతుపవనాల మబ్బుల్లో నీటికి కొదవ లేదు. మంచు పట్టిన రెక్క తక్కువ కోణంలోనే స్టాల్ అవుతుంది. అందుకే పైలట్ మంచు నివారణ వ్యవస్థను ఆన్ చేయగానే ఏటీఆర్‌లో హెచ్చరిక హద్దు తక్కువ కోణానికి మారుతుంది, మారినట్టు ఒక దీపం వెలుగుతుంది. హద్దును పరిస్థితిని బట్టి జరపడం, జరిపినట్టు చెప్పడం, రెండూ ఒకే చోట ఉన్న ఈ ఏర్పాటు నాకు ఎంతో నచ్చుతుంది.

జరపడంలో కూడా చిక్కు ఉంది. 2009 ఫిబ్రవరిలో బఫలో సమీపంలో 50 మంది మరణానికి కారణమైన కోల్గన్ ఎయిర్ 3407లో, మంచు కోసం హెచ్చరికను ముందుకు జరిపే స్విచ్ ఆన్‌లో ఉంది కానీ దిగే వేగాన్ని దానికి తగ్గట్టు పెంచలేదు. స్టాల్‌కు విమానం ఇంకా దూరంగా ఉండగానే స్టిక్ షేకర్ కుదిపింది, ఉలిక్కిపడిన కెప్టెన్ కర్రను వెనక్కి లాగి విమానాన్ని నిజమైన స్టాల్‌లోకి నెట్టాడు. హెచ్చరికను తొందరగా మోగించడంలో నష్టం లేదని అనుకునేవారు ఈ ఘటనను మరిచిపోకూడదు. ఎంచుకున్న వేగానికీ జరిపిన హద్దుకూ పొత్తు కుదరడం లేదని కంప్యూటరు ముందే చెప్పగలిగి ఉంటే ఆ కుదుపు పుట్టేదే కాదు.

ఇన్ని చెప్పాక నేను కోరే నియమాన్ని ఇంజనీరు భాషలో ఖచ్చితంగా పెట్టవలసిన బాధ్యత నాపై ఉంది. విమానం నేల మీద ఉన్నంతవరకు, అంటే చక్రాల మీద బరువు ఉన్నట్టు ఒకటి కంటే ఎక్కువ స్విచ్‌లు చెబుతూ, వేగం కూడా తక్కువగా ఉన్నప్పుడు మాత్రమే హెచ్చరిక తనంతట తాను ఊరుకోవచ్చు. గాలిలోకి లేచాక వేగం కొలత ఎంత తక్కువ చూపినా దాని వల్ల హెచ్చరిక ఆగకూడదు. మోగుతుండగా కొలతలు చెడిపోతే, అప్పటిదాకా మోగిన హెచ్చరిక కొనసాగాలి, గాలి కోణం తెలియడం లేదన్న మాట తెర మీద కనిపించాలి. కొలతలు చెడిపోయే సమయానికి హెచ్చరిక మోగకుండా ఉంటే, దాన్ని కొత్తగా మోగించనక్కరలేదు, కానీ ఇకపై స్టాల్ హెచ్చరిక మీద ఆధారపడవద్దని చెప్పడం తప్పనిసరి. సిబ్బంది తమంతట తాము ఆపితే, ఆపినంతసేపూ ఒక దీపం వెలుగుతూ ఉండాలి. అవతలి వాదన ఒకటి నాకు తెలుసు: కొలతలు నిజంగానే పాడైపోయిన విమానంలో ఒకసారి మొదలైన తప్పుడు హెచ్చరిక ఇలాంటి నియమం వల్ల గంటల తరబడి మోగుతూనే ఉంటుంది. నిజమే. దానికి జవాబు పైన చెప్పిన మీట. ఆ మీటను నొక్కే ముందు విమానం ముక్కు ఎక్కడ ఉందో, ఇంజన్ల శక్తి ఎంతో, ఎత్తు పెరుగుతోందో తగ్గుతోందో చూసి తేల్చుకోగలిగిన మనిషి అక్కడ కూర్చుని ఉన్నాడు. ఆ నిర్ణయాన్ని అతడికి వదలాలి, 60 నాట్ల అంకెకు వదలకూడదు.